రోమ్‌లో ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు లేడు

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు మింగినవాళ్లకి యుగంధర్‌తో పాటు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు కూడా గుర్తుంటాడు. యుగంధర్ ఎంత తెలివైనవాడైనా చివర్లో బేడీలు వేయడానికి ఒక మనిషి కావాలి. వారంటు తేవాలి, శవాన్ని పోస్టుమార్టానికి పంపాలి, లాకప్పుకి తాళం వేయాలి. ఈ పనులన్నీ ఎవరో ఒకరు చేస్తారన్న ధీమాతోనే డిటెక్టివ్ తీరిగ్గా ఆలోచిస్తూ కూర్చోగలడు. మనం కూడా ఆ ధీమాతోనే పేజీలు తిప్పుతాం.

ఆ మనిషిని కథలోంచి తీసేస్తే ఏమవుతుంది?

ప్రాచీన రోమ్ నేపథ్యంలో డిటెక్టివ్ నవల రాసేవాళ్లకి ఎదురయ్యే అసలు చిక్కు ఇదే. టోగా ఎలా కట్టుకుంటారో, విందులో ఏం వడ్డిస్తారో పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. కానీ పేరుమోసిన వకీలు, వక్త సిసిరో కాలం నాటి రోమ్‌లో మనకు తెలిసిన పోలీసు వ్యవస్థ లేదు. ప్రభుత్వం తరఫున కేసు వేసే ప్రాసిక్యూటర్ లేడు. హత్య జరిగిందంటే అది ముందుగా ఆ కుటుంబం తలనొప్పి. జైలునీ, మరణశిక్షల అమలునీ, రాత్రి గస్తీనీ చూసే ముగ్గురు చిన్న అధికారులు ఉండేవారు గానీ, అంత పెద్ద నగరానికి వాళ్లు ఏ మూలకి? క్రీ.శ. 6లో అగస్టస్ చక్రవర్తి 'విజిలెస్' అనే కావలి దళాలను పెట్టాడు. 14 వార్డులకు 7 దళాలు. వాళ్ల ముఖ్యమైన పని మంటలు ఆర్పడం. దారిలో దొంగ దొరికితే పట్టుకునేవారు. అంతేగానీ శవం పక్కన కూర్చుని ఆధారాలు వెతికే ఉద్యోగం ఎవరికీ లేదు.

అలాంటి ఊళ్లో డిటెక్టివ్ ఎలా పుడతాడు? దీనికి జవాబు కోసం ఒక నిజమైన కేసు దగ్గరికి వెళ్లాలి. స్టీవెన్ సేలర్ 1991లో రాసిన 'రోమన్ బ్లడ్' నవలకి ఈ కేసే పునాది. నవల సంగతి తర్వాత. ముందు కేసు చూద్దాం. నన్నడిగితే, కల్పించి రాసినా ఇంత బాగా కుదరదు.

క్రీ.పూ. 81. రోమ్‌లో ఒక రాత్రి. సెక్స్టస్ రోస్కియస్ అనే పెద్దాయన విందుకు వెళ్లి తిరిగి వస్తున్నాడు. పల్లాసినా స్నానశాలల దగ్గర ఆయన్ని ఎవరో పొడిచి చంపారు. ఆయనది రోమ్‌కి ఉత్తరాన, అంబ్రియా ప్రాంతంలోని అమెరియా అనే ఊరు. టైబర్ నది ఒడ్డున 13 కమతాలు. విలువ 60 లక్షల సెస్టర్షీలు (రోమన్ నాణేలు). రోమ్‌లో పెద్ద పెద్ద కుటుంబాలతో రాకపోకలున్న మనిషి. ఆయన కొడుకు పేరు కూడా సెక్స్టస్ రోస్కియస్సే. కొడుకు మాత్రం పొలాలు చూసుకుంటూ ఊళ్లోనే ఉండేవాడు.

హత్య జరిగింది రాత్రి మొదటి గంట దాటాక. తెల్లవారుతూనే కబురు అమెరియాలో ఉంది. తెచ్చినవాడు మాలియస్ గ్లౌకియా. రాత్రి పది గంటల్లో 56 రోమన్ మైళ్లు, అంటే దాదాపు 83 కిలోమీటర్లు, తేలికపాటి రెండు చక్రాల బళ్లలో పరిగెత్తించుకుంటూ వచ్చాడు. చీకట్లో, ఆ కాలపు రోడ్డు మీద ఇది మామూలు వేగం కాదు. ఇంత అర్ధరాత్రి అవస్థ పడి వచ్చినవాడు చావు కబురు ఎవరికి చెప్పాలి? కొడుక్కి. భార్యకి. గ్లౌకియా మాత్రం నేరుగా టైటస్ రోస్కియస్ కాపిటో ఇంటికి వెళ్లాడు. ఈ కాపిటో చనిపోయినాయనకి దాయాది, బద్ధశత్రువు. గ్లౌకియాని పోషిస్తున్నదేమో ఇంకో దాయాది, టైటస్ రోస్కియస్ మాగ్నస్. హత్య జరిగిన రాత్రి ఈ మాగ్నస్ రోమ్‌లోనే ఉన్నాడు. గ్లౌకియా కబురు ఒక్కటే కాదు, శవంలోంచి అప్పుడే లాగిన కత్తిని కూడా వెంట తెచ్చి చూపించాడని కొడుకు తరఫు వకీలు ఆరోపణ.

ఆ కత్తి సంగతి నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. వకీళ్లు అలాంటివి చెబుతారు. కానీ ఆ బండి ప్రయాణాన్ని కొట్టిపారేయలేం. బతికున్నవాళ్లలో అంత తొందర ఎవరికుంది, ఎందుకుంది అన్న ప్రశ్న దగ్గరే ఏ డిటెక్టివ్ అయినా ఆగుతాడు.

నాలుగు రోజుల తర్వాత ఇదే కబురు వోలటెర్రే అనే ఊరి దగ్గర, అప్పటి రోమ్ నియంత సుల్లా సైనిక శిబిరానికి చేరింది. అక్కడ అందుకున్నవాడు క్రిసోగోనస్. ఇతను సుల్లా దగ్గర ఒకప్పటి బానిస, స్వేచ్ఛ పొంది అంతరంగికుడయ్యాడు. గ్రీకులో అతని పేరుకి 'బంగారంలో పుట్టినవాడు' అని అర్థం. సార్థక నామధేయుడు. పాలటైన్ కొండ మీద అతని ఇంటినిండా కొరింథు, డెలోసు కంచు సామాన్లే. అందులో తనంతట తానే వండే పాత్ర ఒకటి ఉండేదట. దాన్ని వేలంలో ఎంత పెట్టి కొన్నాడంటే, దారిన పోయేవాళ్లు ఆ పాట విని ఏదో పొలం అమ్ముతున్నారనుకున్నారట. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా ఆ కుక్కర్ కబురు మనదాకా వచ్చింది.

ఇక్కడ అసలు ముడి మొదలవుతుంది. దాన్ని విప్పాలంటే సుల్లా జాబితాల గురించి తెలియాలి.

క్రీ.పూ. 82 చివర్లో అంతర్యుద్ధం గెలిచి రోమ్‌లోకి వచ్చిన సుల్లా, తన శత్రువుల పేర్లు బోర్డుల మీద రాయించి ఫోరంలో పెట్టించాడు. ఫోరం అంటే నగరం నడిబొడ్డున ఉండే బహిరంగ స్థలం. కోర్టూ, రాజకీయమూ, వ్యాపారమూ అన్నీ అక్కడే. ఆ బోర్డు మీద పేరున్న మనిషిని ఎవరైనా చంపవచ్చు. అది నేరం కాదు, పైగా బహుమానం ఇస్తారు. చచ్చినవాడి ఆస్తి ప్రభుత్వపరమై వేలానికి వస్తుంది. జనం పొద్దున్నే లేచి బోర్డు దగ్గరికి వెళ్లి పేర్లు చూసుకునేవారు. ఈ జాబితాలకు చివరి తేదీ క్రీ.పూ. 81, జూన్ 1.

రోస్కియస్ చనిపోయింది ఆ తేదీ దాటిన కొన్ని నెలలకి. పైగా ఆయన సుల్లా పక్షం మనిషి. అయినా ఆయన పేరు జాబితాలోకి ఎక్కింది. ఆస్తి వేలానికి వచ్చింది. 60 లక్షల ఆస్తిని క్రిసోగోనస్ 2,000 సెస్టర్షీలకు కొన్నాడు. మన లెక్కలో చెప్పాలంటే మూడు కోట్ల పొలం పదివేలకు రాయించుకున్నట్టు. మూడు కమతాలు కాపిటోకి దక్కాయి. మిగతా పదింటికి మాగ్నస్ క్రిసోగోనస్ తరఫున పెత్తందారు అయ్యాడు. కొడుకు కట్టుబట్టలతో రోడ్డున పడ్డాడు.

ఊరివాళ్లు ఊరుకోలేదు. అమెరియాలోని పదిమంది పెద్దలు కలిసి సుల్లాకి మొరపెట్టుకోవడానికి వోలటెర్రే బయల్దేరారు. ఆ పదిమందిలో ఒకడు కాపిటో! దొంగ చేతికి తాళాలు ఇవ్వడం అంటే ఇదే. అతను క్రిసోగోనస్‌తో మాట్లాడి, అంతా సర్దుబాటు అవుతుందని తక్కిన తొమ్మిదిమందిని నమ్మించి, సుల్లా మొహం కూడా చూడనివ్వకుండా వెనక్కి తీసుకొచ్చేశాడు.

కొడుకు ప్రాణభయంతో రోమ్ పారిపోయి, తండ్రికి తెలిసిన సిసీలియా మెటెల్లా అనే గొప్పింటి ఆవిడ దగ్గర తలదాచుకున్నాడు. అప్పుడు అతని మీద కేసు పడింది. ఏమని? తండ్రిని చంపించింది ఇతనే అని.

ఇప్పుడు ఆ ముడి చూడండి. పెద్దాయన పేరు న్యాయంగా జాబితాలో ఉందంటే, ఆయన్ని ఎవరు చంపినా నేరం కాదు. కాబట్టి కొడుకు మీద హత్య కేసే నిలవదు. పేరు న్యాయంగా లేదంటే, హత్య కేసు నడుస్తుంది, కానీ ఆస్తి వేలం చెల్లదు. క్రిసోగోనస్ దగ్గరున్న పొలం దొంగ సొత్తు అవుతుంది. ఆస్తి నిలవాలంటే ఆయన జాబితాలో ఉండాలి, కొడుకు చావాలంటే ఉండకూడదు. ఈ రెండు కథలూ ఒకే నోటితో చెప్పలేరు. అందుకే అభియోగం మోపినవాళ్లు ఒక దారి ఎంచుకున్నారు: ఆస్తి మాట కోర్టులో ఎత్తనే కూడదు. క్రిసోగోనస్ పేరు ఎవడు పలుకుతాడు? సుల్లా బతికున్నాడు, అధికారంలో ఉన్నాడు. పేరున్న వకీళ్లందరూ కోర్టులో బెంచీల మీద కూర్చున్నారు గానీ ఒక్కరూ లేవలేదు.

లేచినవాడు 26 ఏళ్ల సిసిరో. క్రీ.పూ. 80. అతనికి ఇదే మొదటి పెద్ద క్రిమినల్ కేసు.

అభియోగం తరఫున మాట్లాడింది ఎరూకియస్. ఇతను ప్రభుత్వ వకీలు కాదని మళ్లీ గుర్తుచేయాలి. రోమ్‌లో ఏ పౌరుడైనా ఇంకొకరి మీద కేసు వేయవచ్చు. వేయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లూ ఉండేవారు. సిసిరో ఆ సంగతి మీద ఒక పోలిక చెబుతాడు. కాపిటోల్ కొండ మీద ప్రభుత్వ ఖర్చుతో బాతులనీ కుక్కలనీ మేపుతారు, దొంగలొస్తే అరవడానికి. కొందరు అభియోగకర్తలు బాతుల్లాంటివాళ్లు, ఊరికే అరుస్తారు. కొందరు కుక్కల్లాంటివాళ్లు, అరుస్తారు, కరుస్తారు కూడా. గుడికి వచ్చే భక్తుల మీద పట్టపగలు మొరిగే కుక్కకి కాళ్లు విరగ్గొట్టాల్సిందే. తప్పుడు కేసు పెట్టినవాడి నుదుటి మీద 'కె' అక్షరం ముద్ర వేయాలన్న చట్టాన్ని కూడా ఎరూకియస్‌కి గుర్తుచేస్తాడు.

నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చే దృశ్యం దీనికి కాస్త తర్వాత వస్తుంది. ఎరూకియస్ తన వాదన ముగించి నిశ్చింతగా కూర్చున్నాడు. కుర్రవాడు ఏం మాట్లాడతాడులే అని. మధ్యలో లేచి అటూ ఇటూ తిరిగాడు, నౌకరుని పిలిచాడు, బహుశా రాత్రి భోజనానికి ఏం చేయించాలో చెప్పడానికేమో అంటాడు సిసిరో. కోర్టు కొలువు ఉండగా, తన ఇంటి వసారాలో ఉన్నట్టు. సిసిరో ఉన్నట్టుండి క్రిసోగోనస్ పేరు పలికాడు. ఎరూకియస్ ఉలిక్కిపడ్డాడు. సిసిరో కావాలనే ఇంకోసారి పలికాడు. ఆ వెంటనే ఒకరి తర్వాత ఒకరు అక్కణ్ణుంచి పరిగెత్తారు, క్రిసోగోనస్‌కి చెప్పడానికి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇంత చక్కగా ఇంకెక్కడా దొరకదు. నేరస్థుడు కోర్టులో లేడు, అయినా అందరి చూపులూ అతనివైపే తిరిగాయి.

ఇక సిసిరో వేసిన ప్రశ్నలు చూస్తే యుగంధర్ గుర్తొస్తాడు. కొడుకు ఎలా చంపాడు? తనే పొడిచాడా? అతను ఏళ్ల తరబడి రోమ్ మొహమే చూడలేదు. ఇంకొకరితో చంపించాడా? ఎవరితో? బానిసలతోనా, స్వతంత్రులతోనా? ఎక్కడ మాట్లాడాడు? ఎంత ఇచ్చాడు? ఎవరి ద్వారా ఇచ్చాడు? ఎరూకియస్ దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. అతను చెప్పిందల్లా తండ్రికి కొడుకంటే పడదని, అందుకే పల్లెటూళ్లో పడేశాడని. 13 కమతాల సేద్యం అప్పగించడం శిక్ష ఎలా అవుతుందయ్యా అని సిసిరో ఎదురడిగాడు. పొలం కాగితాల గొడవల్లో పుట్టి పెరిగిన మనకి ఈ వాదన ఇట్టే అర్థమవుతుంది.

'ఎవరికి లాభం?' అన్న ప్రశ్నని కూడా సిసిరో ఇక్కడే వాడాడు. లాటిన్‌లో 'కుయ్ బోనో'. అది తనది కాదు, లూషియస్ కాసియస్ అనే పాతకాలపు కఠిన న్యాయాధికారి ఎప్పుడూ అడిగే ప్రశ్న అని చెప్పే వాడాడు. లాభం ఎవరికో లెక్క కళ్లముందే ఉంది.

సుల్లా మాట వచ్చేసరికి మాత్రం సిసిరో ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు. పామూ చావాలి, కర్రా విరగకూడదు. సుల్లాకి ఇదంతా తెలియదన్నాడు. అంతటి జూపిటర్ దేవుడు లోకాన్ని ఏలుతున్నా గాలివానలూ కరువులూ వస్తుంటాయి, ఒక్క మనిషి లోకమంతా చూసుకుంటుంటే కొన్ని కంటపడకపోవడంలో వింతేముంది అన్నాడు. పొగడ్తలో చురక ఉందా, చురకలో పొగడ్త ఉందా అన్నది వినేవాళ్లకే వదిలేశాడు.

ఇంతా చేసి, సిసిరో ఒక్క విషయం నిరూపించలేదు. హంతకుడు ఎవరో. మాగ్నస్ వైపు, కాపిటో వైపు వేలు చూపించాడు. కత్తి పట్టిన చెయ్యి ఎవరిదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. తన కక్షిదారు బయటపడితే చాలు. పైగా మన దగ్గరున్నది అతని ప్రసంగం ఒక్కటే. ఎరూకియస్ ఏమన్నాడో సిసిరో నోటి మీదుగా తప్ప మనకి తెలియదు. ఒక పక్షం వకీలు, గెలిచాక, తానే బయటపెట్టిన పాఠం అది. దాన్ని చరిత్ర అనుకుని చదివితే మోసపోతాం.

చారిత్రక డిటెక్టివ్ నవల పుట్టేది సరిగ్గా ఈ సందులోనే. వకీలుకి అనుమానం పుట్టించడం చాలు, డిటెక్టివ్‌కి నిజం కావాలి. సేలర్ నవలలో సిసిరో దగ్గర పనిచేసే యువ బానిస టైరో, గోర్డియానస్ అనే డిటెక్టివ్ తలుపు తడతాడు. టైరో నిజంగా ఉన్నవాడే, గోర్డియానస్ కల్పితం. వకీలు తన కేసుకి కావలసినంత వరకు తవ్వమంటాడు, తవ్వేవాడు అక్కడ ఆగలేకపోతాడు. ప్రసంగంలో సిసిరో వేగంగా దాటేసిన చోట్లన్నీ ఆ నవలలో నెమ్మదిస్తాయి. ముగింపు నేను చెప్పను. ప్రసంగం ముందు చదివి నవల తర్వాత చదివితే మజా రెట్టింపు అని మాత్రం చెబుతాను.

అయితే ఆ తవ్వేవాడు సమాజంలో ఎవరై ఉండాలి? ఇక్కడ రచయితలు తలొక దారి పట్టారు. రోమ్‌లో మనిషి పుట్టుకే అతను ఏ తలుపు తట్టగలడో నిర్ణయిస్తుంది. సెనేటర్ ఇంటికి పుట్టినవాడైతే ఏ గడపైనా తొక్కగలడు, కానీ సారాకొట్టులో అతని ముందు ఎవడూ నోరు విప్పడు. బానిస అయితే గొప్పింటి పడకగదిలోకి కూడా వెళ్లగలడు, అతని ఎదుట అందరూ అన్నీ మాట్లాడేస్తారు, కానీ అతని మాటకి కోర్టులో విలువ లేదు. జాన్ మాడక్స్ రాబర్ట్స్ 1990లో మొదలుపెట్టిన నవలల వరుసలో గొప్పింటి యువకుణ్ణి పెట్టాడు. లిండ్సే డేవిస్ 1989 నాటి 'ది సిల్వర్ పిగ్స్'లో ఫాల్కో అనే కింది తరగతి మనిషిని తెచ్చింది. వెస్పేసియన్ చక్రవర్తి కాలం, క్రీ.శ. 70. చాకలి కొట్టు పైన, ఎక్కలేక చచ్చేన్ని మెట్ల పైన అతని అద్దె గది. అద్దె బాకీ మామూలే. అతను ప్రేమించింది సెనేటర్ కూతుర్ని. ఆ అంతరం దాటాలంటే ముందు సెనేటర్ల తర్వాతి మెట్టు అయిన ఈక్వెస్ట్రియన్ హోదా సంపాదించాలి, దానికి 4 లక్షల సెస్టర్షీల ఆస్తి చూపించాలి. ఆ అంకె రచయిత్రి కల్పన కాదు, రోమన్ నిబంధనే. హంతకుడు ఎవరు అన్నదాని కన్నా ఈ డబ్బు ఎప్పటికి కూడుతుందన్న టెన్షనే చాలా పుస్తకాల పాటు పాఠకుణ్ణి లాక్కెళ్తుంది.

ఫాల్కో వృత్తి లాటిన్‌లో 'డెలాటోర్'. మన మాటల్లో వేగు, చాడీకోరు అన్నంత చెడ్డ మాట. రాజద్రోహం కేసులో ఎవరినైనా ఇరికించి శిక్ష వేయిస్తే, శిక్ష పడినవాడి ఆస్తిలో నాలుగో వంతు ఫిర్యాదు చేసినవాడికి దక్కేది. ఇలా బాగుపడ్డవాళ్లని టాసిటస్ వంటి చరిత్రకారులు మహా చీదరించుకుంటారు. అంతటి ఈసడింపు మాటని తీసుకుని దాంట్లోంచి నిజాయితీపరుడైన డిటెక్టివ్‌ని చేయడం లిండ్సే డేవిస్ చిలిపితనం.

సాక్ష్యం సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. బానిస సాక్ష్యం చెల్లాలంటే అతన్ని హింసించి మరీ అడగాలి. హింస లేకుండా చెప్పిన మాట సాక్ష్యం కాదు. ఇది మనకి తలకిందులుగా ఉంది కదా? వాళ్లలోనూ తెలిసినవాళ్లు ఉన్నారు. హింస ద్వారా నిజం రాబట్టడం నమ్మకం లేని, ప్రమాదకరమైన పని అని, కొందరు ఎంత బాధైనా ఓర్చుకుని నోరు విప్పరని, కొందరు బాధ తప్పించుకోవడానికి ఏ అబద్ధమైనా చెబుతారని మూడో శతాబ్దపు న్యాయవేత్త ఉల్పియన్ రాశాడు. రాశాడు గానీ పద్ధతి మారలేదు.

యజమానిని ఇంట్లోనే ఎవరైనా చంపితే పరిస్థితి ఇంకా ఘోరం. ఆ కప్పు కింద ఉన్న బానిసలందరికీ మరణశిక్ష, కాపాడలేకపోయినందుకు. క్రీ.శ. 61లో నగర ప్రిఫెక్ట్, అంటే నగర పాలనాధికారి, పెడానియస్ సెకండస్‌ని అతని బానిస ఒకడు చంపాడు. ఆ ఇంట్లో 400 మంది బానిసలు. ఆడవాళ్లు, పిల్లలు, ఏ పాపం ఎరగనివాళ్లు. సెనేట్‌లో వాదోపవాదాలు జరిగాయి. జనం రాళ్లూ కాగడాలూ పట్టుకుని అడ్డుపడ్డారు. నీరో చక్రవర్తి దారి పొడవునా సైనికుల్ని నిలబెట్టి 400 మందినీ చంపించాడు. హత్యకి కారణం స్వేచ్ఛ కోసం కుదిరిన బేరం తప్పడమా, ఇంకో వ్యవహారంలో పోటీయా అన్నది టాసిటస్ రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాడు. తలుపులు మూసిన ఇంట్లో హత్య అన్నది ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల్లో సాయంకాలపు కాలక్షేపం. రోమ్‌లో అదే కథ పెడితే, డిటెక్టివ్ ఒక్కరోజు ఆలస్యం చేస్తే వందల ప్రాణాలు పోతాయి. దీన్ని పట్టించుకోకుండా టోగాలూ ద్రాక్షసారాయీ మాత్రం వర్ణించే నవలలు నాకు సగంలోనే విసుగేస్తాయి.

మరి రోమన్లకి ఆధారాలు చూసే కన్ను లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. జూలియస్ సీజర్ శవాన్ని ఆంటిస్టియస్ అనే వైద్యుడు పరీక్షించి, 23 గాయాల్లో ప్రాణం తీసింది ఒక్కటేనని, అది రొమ్ములో దిగిన రెండో పోటని చెప్పాడు. క్రీ.శ. 24లో ప్లాటియస్ సిల్వానస్ అనే ప్రేటర్ (న్యాయాధికారి) భార్య అప్రోనియా పైనుంచి పడి చచ్చిపోయింది. నేను నిద్రలో ఉన్నాను, తనే దూకి చచ్చిందన్నాడు మొగుడు. మామగారు అల్లుణ్ణి టైబీరియస్ చక్రవర్తి ముందుకు లాక్కెళ్లాడు. చక్రవర్తి ఏం చేశాడో తెలుసా? అప్పటికప్పుడు లేచి స్వయంగా ఆ ఇంటికి వెళ్లి పడకగది చూశాడు. ఆవిడ పెనుగులాడిన గుర్తులు, తోసిన గుర్తులు అక్కడ కనిపించాయి. రోమ్‌లో సీన్ ఆఫ్ క్రైమ్‌కి వెళ్లిన డిటెక్టివ్ ఎవరంటే సాక్షాత్తూ చక్రవర్తి! వేరే నాథుడు లేడు మరి. విచారణ పూర్తికాకముందే సిల్వానస్ నాయనమ్మ ఉర్గులానియా అతనికి ఒక బాకు పంపింది. అర్థం చేసుకొమ్మని. బాకుతో ధైర్యం చాలక చివరికి నరాలు కోయించుకుని పోయాడు.

వక్తృత్వం నేర్చుకునే కుర్రాళ్లకి ఇచ్చే కల్పిత కేసుల్లో ఇంకా మంచి సరుకు దొరుకుతుంది. వక్తృత్వ గురువు క్విన్టిలియన్ పేరు మీద చెలామణి అయ్యే ప్రసంగాల్లో మొదటిది ఇది. ఒక గుడ్డి కొడుకు. తండ్రి ఆస్తి అతనికే రాశాడు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కొడుకుని ఇంట్లో ఓ మూల గదికి మార్చాడు. ఒక రాత్రి తండ్రి హత్యకి గురయ్యాడు, పక్కనే సవతి తల్లి. గాయంలో కొడుకు కత్తి. తండ్రి గదినుంచి కొడుకు గదిదాకా గోడ పొడవునా రక్తపు చేతిముద్రలు. ఎవరు చంపారు? చేతికి అంటిన రక్తం ఎన్ని ముద్రలకి సరిపోతుందో, చీకటిలోనే బతికేవాడికి సొంత ఇంట్లో గోడ తడుముకోవాల్సిన పని ఎంతుంటుందో మీరే ఆలోచించండి. వేలిముద్రల శాస్త్రం లేని కాలంలో చేతిముద్రల చిక్కుముడి ఇది. దీన్ని పిల్లలకి హోంవర్కుగా ఇచ్చేవారు!

డబ్బూ పలుకుబడీ లేనివాడికి ఇవేవీ అందవు. అతను ఎక్కడికి వెళ్లాలి? దేవత దగ్గరికి. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో, సులిస్ మినర్వా దేవత వేడినీటి గుండంలో సుమారు 130 సీసపు రేకులు దొరికాయి. ఎక్కువ భాగం దొంగతనం ఫిర్యాదులే. డొసిలియానస్ అనే ఆయన కోటు, తలమీద ముసుగున్నది, ఎవరో ఎత్తుకుపోయారు. తీసినవాడు మగైనా ఆడైనా, బానిసైనా స్వతంత్రుడైనా, ఆ కోటు తెచ్చి గుడిలో పెట్టేదాకా వాడికి నిద్ర పట్టకూడదు, పిల్లలు పుట్టకూడదు, చివరికి చావాలి అని రాసి గుండంలో వేశాడు. 'మగైనా ఆడైనా, బానిసైనా స్వతంత్రుడైనా' అన్న మాట ఈ రేకుల్లో మళ్లీమళ్లీ వస్తుంది. అనుమానితుల పరిధిలోంచి ఎవరూ జారిపోకుండా గీసిన గీత అది. ఇంకో రేకులో విల్బియా అనే ఆమెని తీసుకుపోయిన వాళ్ల మీద శాపం, కింద వరసగా పేర్లు. అనుమానితుల జాబితా, అచ్చంగా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ వాళ్ల ఆశ ఆ దేవత మీదే.

రోస్కియస్ కేసు తీర్పు చెప్పలేదు కదా. తండ్రిని చంపినవాడికి రోమ్‌లో వేరే శిక్ష ఉండేది. తోలు సంచిలో కుట్టి నదిలో పడేయడం. నేల, నీరు, గాలి, వెలుగు ఏదీ అతన్ని తాకకూడదని. ఆ ముక్కని సిసిరో వర్ణిస్తుంటే కోర్టు చప్పట్లతో మోగిపోయింది. పెద్దయ్యాక తనే అది కుర్రతనపు ఆర్భాటం అని ఒప్పుకున్నాడు. సెనేటర్లే జూరీగా ఉన్న ఆ కోర్టు కొడుకుని నిర్దోషి అంది. మాగ్నస్ మీద గానీ, కాపిటో మీద గానీ, క్రిసోగోనస్ మీద గానీ ఆ తర్వాత హత్య కేసు నడిచిన దాఖలా లేదు. సిసిరో కొద్దికాలానికి గ్రీసు వెళ్లిపోయాడు. సుల్లాకి భయపడి అని జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్, ఒంట్లో బాగోక అని సిసిరో. పొలాల సంగతి సరేసరి. అవన్నీ మీరే ఉంచుకోండి, నా కక్షిదారు ప్రాణం మాత్రం వదిలేయండి అని సిసిరో కోర్టులోనే చెప్పేశాడు.

ఇక్కడే ఒక చిన్న విషయం మిగిలిపోయింది. ఆ రాత్రి పెద్దాయన ఒంటరిగా లేడు. వెంట ఇద్దరు బానిసలు ఉన్నారు. కత్తి పట్టిన చెయ్యి ఎవరిదో వాళ్లు చూసి ఉండాలి. వాళ్లని విచారణకి అప్పగించమని కొడుకు అడిగాడు. తన మీదే నేరం మోపబోతుంటే, హింసించి అడిగినా సరే అడగండి అన్నాడు. దాయాదులు ఒప్పుకోలేదు. ఆస్తితో పాటు ఆ ఇద్దరూ క్రిసోగోనస్ చేతికి వెళ్లారు. అతని ఇంట్లో వాళ్లకి మంచి గౌరవం, మంచి విలువ ఉన్నాయట అని సిసిరో దెప్పిపొడుస్తాడు. గ్రీకు తెలిసినవాళ్లు, పాటగాళ్లు, వంటవాళ్లు వందలమంది ఉన్న ఆ పాలటైన్ మేడలో, అమెరియా నుంచి వచ్చిన ఇద్దరు పల్లెటూరి నౌకర్లకి అంత మర్యాద దేనికో కోర్టుకి అర్థమయ్యే ఉంటుంది. వాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.